ఎన్ని నెలలకు కావాలని అడగని దుకాణం

హన్మకొండలో నయీంనగర్ వైపు వెళ్లే దారిలో, ఒక మందుల షాపును ఆనుకొని, ఇంట్లో మంచం పట్టిన రోగులకు కావలసిన సామాను కిరాయికి ఇచ్చే చిన్న దుకాణం ఉంది. చేత్తో తిప్పి ఎత్తే ఆసుపత్రి మంచాలు, ఎయిర్ బెడ్లు, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్లు, ఆక్సిజన్ సిలిండర్లు, చక్రాల కుర్చీలు, కమోడ్ కుర్చీలు, వాకర్లు, కఫం లాగే సక్షన్ మిషన్లు అక్కడ దొరుకుతాయి. ఉన్న సామానుకు వచ్చే గిరాకీయే చాలునని యజమాని అన్నందువల్ల దుకాణం పేరు రాయడం లేదు. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల, హన్మకొండలో ప్రైవేటు ఆసుపత్రులు ఉన్న వీధుల్లో ఇటువంటి దుకాణాలు మరికొన్ని ఉన్నాయి. ఇక్కడ చెప్పే విషయాలు వాటి దగ్గరికి వెళ్లేవారికి కూడా పనికివస్తాయి.

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసి మమ్మల్ని పెంచిన మనిషి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, "గుర్తింపు మంచిదే, రేటు పెరుగుతదా?" అని అడిగినవారిలో ఆయన ఒకరు. బీడీ అలవాటు పడుచుతనం నుంచే ఉండేది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలేనాటికే వ్యాధి వెన్నెముక దాకా పాకింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో నడిచినంత కాలం కాజీపేటలో రైలెక్కడం, సాయంత్రం దిగడం మా ఇంటి పద్ధతిగా మారింది. కొంతకాలానికి మందు పనిచేయడం తగ్గిందని, ఇకమీదట నొప్పి లేకుండా, ఆయాసపడకుండా చూసుకోవడమే ముఖ్యమని డాక్టర్లు చెప్పి, మార్ఫిన్ మాత్రలు రాసి, ఇంటి దగ్గరే ఉంచుకొమ్మన్నారు. ఆసుపత్రిలో జరిగే వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది కాని, ఇంటికి తెచ్చుకునే మంచానికి, మిషనుకు అది వర్తించదు. డాక్టర్లు చేయవలసింది తగ్గి ఇంటివాళ్లు చేయవలసింది పెరిగే ఆ దశలోనే ప్రతి వస్తువుకూ జేబులోంచి తీయవలసి వస్తుంది.

ఈ వ్యాపారంలో కిరాయి నెలల లెక్కన ఉంటుంది. ఒక నెలకైతే ఒక రేటు, మూడు నెలలకు మాట్లాడుకుంటే తక్కువ, ఆరు నెలలకైతే ఇంకా తక్కువ. అందువల్ల ఏ దుకాణంలో అడుగు పెట్టినా మొట్టమొదట వినబడే మాట "ఎన్ని నెలలకు కావాలి?" అన్నదే. పెళ్లి కుర్చీలు కిరాయికి ఇచ్చేవాడు ఎన్ని రోజులని అడిగినట్టే అడుగుతారు, అందులో వాళ్ల దురుద్దేశం ఏమీ ఉండదు. కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ఇంట్లో ఎవరూ పైకి అనని ఒక లెక్కను కౌంటరు ముందు నిలబడి అనవలసి వస్తుంది. మూడు నెలలంటే తక్కువ అనుకున్నట్టా? ఒక నెలంటే ఆశ వదులుకున్నట్టా? నేను వెళ్లిన మొదటి రెండు దుకాణాల్లో అమ్మ నా పక్కనే ఉంది. రెండోచోట ఆ మాట విని బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

నయీంనగర్ దుకాణంలో ఆ మాట రాలేదు. యజమాని యాభై దాటిన మనిషి, ఎక్కువ మాట్లాడే రకం కాదు. ఇల్లు కింది అంతస్తా పై అంతస్తా, తలుపు వెడల్పు ఎంత, పట్టుకుంటే లేచి నిలబడగలరా, తిండి నోటితోనేనా గొట్టంతోనా, రాత్రిపూట దగ్గర ఎవరుంటారు, ఆక్సిజన్ పెట్టమని డాక్టరు రాశారా అని మాత్రం అడిగారు. ఆపైన నేను కిరాయి సంగతి ఎత్తితే, "ఎన్ని నెలలని నేను అడగనక్కా. నెల నిండినంక నేనే ఫోన్ చేస్త. ఉంచుమంటే ఉంచుత, తీస్కపొమ్మంటే తీస్కపోత" అన్నారు. నిజానికి అది వ్యాపారపరంగా ఆయనకే నష్టం, ఎందుకంటే ముందుగా మూడు నెలల సొమ్ము తీసుకునే అవకాశాన్ని వదులుకుంటున్నారు. నేను ఈ దుకాణం గురించి రాయడానికి మిగతా కారణాలు ఎన్ని ఉన్నా, అసలు కారణం ఇదే.

ఇక సామాను సంగతి. ఆసుపత్రి మంచాల్లో చేతి మంచాలు రెండు రకాలు. వీపు భాగం ఒక్కటే లేచేదాన్ని సెమీ ఫౌలర్ అంటారు, దానికి కాళ్ల వైపు ఒకే హ్యాండిల్ ఉంటుంది. వీపుతోపాటు మోకాళ్ల భాగం కూడా లేచేది ఫౌలర్, దానికి రెండు హ్యాండిళ్లు. నెల కిరాయి మొదటిదానికి 1,800 రూపాయలు, రెండోదానికి 2,500, అడ్వాన్సు 5,000. ఆయాసం ఉన్న రోగికి రెండోదే మేలని యజమాని చెప్పిన కారణం తర్వాత అనుభవంలో అక్షరాలా నిజమైంది. వీపు మాత్రమే లేపితే మనిషి గంటలోపే కాళ్ల వైపు జారిపోతాడు, జారినప్పుడల్లా నడుము కింది చర్మం పరుపుకు రాసుకొని కములుతుంది. అందుకని ముందు మోకాళ్ల హ్యాండిల్ తిప్పి కొంచెం ఎత్తి, ఆ తర్వాతే వీపు లేపాలి, దించేటప్పుడు వీపు ముందు, మోకాళ్లు తర్వాత. మంచం బిగించడానికి వచ్చిన పిల్లగాడు ఈ వరుసను అమ్మతో చేయించి చూపించి గాని కదల్లేదు. హ్యాండిల్ వాడిన వెంటనే లోపలికి మడవాలని కూడా చెప్పాడు, మడవకపోతే చీకట్లో అటుగా వెళ్లిన ప్రతివాడి మోకాలి కిందికీ తగులుతుంది. మా చిన్నాయన రెండుసార్లు తగిలించుకొని ఆ మంచాన్ని నోరారా తిట్టాడు.

కొత్తవాడ ఇండ్ల తలుపులు వెడల్పైనవి కావు. మూడడుగుల మంచం ఎలా పడుతుందని మేము భయపడ్డాం కాని, తల పలక, కాళ్ల పలక, పక్క కడ్డీలు విడివిడిగా వస్తాయి, చట్రాన్ని నిలువుగా తిప్పితే సందులోంచి లోపలికి చేరుతుంది. చక్రాలకు బ్రేకులు ఉన్నాయి. వాటిలో ఒకటి సరిగ్గా పట్టడం లేదని చెబితే అక్కడికక్కడే మార్చాడు.

ఎయిర్ బెడ్‌ను ఈ దుకాణంలో కిరాయికి ఇవ్వరు, కొనుక్కోవాలి. 2,800 రూపాయలు తీసుకున్నారు. ఒకరి ఒంటికి తగిలింది మరొకరికి ఇవ్వకూడదన్న ఆయన నియమం నాకు నచ్చింది. పరుపు మీద పరిచే ఈ రబ్బరు బెడ్డులో వరుసలుగా బుడగలు ఉంటాయి, కాళ్ల దగ్గర తగిలించే చిన్న పంపు ఒక వరుసను నింపుతూ పక్క వరుసను ఖాళీ చేస్తూ పోతుంది. ఒంటి బరువు ఎప్పుడూ ఒకేచోట ఆనకుండా, తుంటి దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడకుండా చేసే ఏర్పాటు అది. ఎయిర్ బెడ్డు ఉంది కదా అని పక్క మార్చడం మానకూడదని, రెండు గంటలకొకసారి ఒత్తిగిలించవలసిందేనని, చర్మం తడి లేకుండా చూడాలని ఆ పిల్లగాడు పాఠంలా అప్పజెప్పాడు.

చిక్కంతా బాపుతోనే వచ్చింది. "ఈ రబ్బరు మీద నేను పండ" అని మొండికేశారు. తాను నేసిన జంపఖానా పరిస్తేనే పడుకుంటానన్నారు. మందపాటి బట్ట ఏది పరిచినా కింద బుడగలు నిండడం, ఖాళీ కావడం ఒంటికి అందదు, ఎయిర్ బెడ్డుకు పెట్టిన డబ్బు దండుగవుతుంది. పలుచటి దుప్పటి ఒక్కటే వేయాలి. ఇదంతా నేను బాపుకు నచ్చజెప్పే ప్రయత్నంలో ఉండగానే పిల్లగాడు ఏమీ మాట్లాడకుండా ఎయిర్ బెడ్డును ఒక పక్కకు ఎత్తి, దానికీ కింది పరుపుకూ మధ్య జంపఖానాను పరిచి, ఎర్ర నల్ల చారల అంచు కుడిపక్క కడ్డీ కిందినుంచి జానెడు బయటికి వేలాడేటట్టు లాగాడు. "తాతా, నీ నేత నీ కిందనే ఉన్నది, చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. బాపు చెయ్యి దించి అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, పోగు లెక్క సరిగ్గా ఉందో లేదో చూసినట్టు కాసేపు తడిమి, "ఈ మంచానికి కిరాయెంత?" అని అడిగారు. చెబితే చాలా ఎక్కువన్నారు. ఆ రాత్రి నుంచి ఎయిర్ బెడ్డు మీదనే పడుకున్నారు. పగటిపూట ఆ చెయ్యి చాలాసేపు అంచు మీదనే ఉండేది.

దుబాయిలో డ్రైవరుగా ఉన్న తమ్ముడికి మేము తెచ్చిన మంచం నచ్చలేదు. బటన్ నొక్కితే లేచే మోటరు మంచం, పది లీటర్ల ఆక్సిజన్ మిషను, ఇంట్లో ఉండే నర్సు అన్నీ పెట్టాలని, పైసలకు వెనకాడవద్దని రోజూ ఫోన్. దూరాన ఉన్నవాడికి చేయగలిగేది పైసలు పంపడమే కనుక, ఎంత ఖరీదైనది పెడితే అంత సేవ చేసినట్టు అనిపించడం సహజం. క్యాన్సర్ ఉన్న ఇండ్లలో ఈ ఖర్చు వెనుక ఏముంటుందో మందుల కంపెనీల నుంచి అంబులెన్సువాళ్ల దాకా అందరికీ తెలుసు. నేను అంతకుముందు వెళ్లిన దుకాణంలో మోటరు మంచానికి నెలకు 9,000 చెప్పి, "కన్నతండ్రి కదా మేడం" అన్నారు కూడా. ఇక్కడ యజమాని మా తమ్ముడితో వీడియో కాల్‌లో తానే మాట్లాడారు. "తమ్మీ, నా దగ్గర మోటరు మంచం ఉన్నది, ఇయ్యమంటే ఇస్త. దానికి బ్యాటరీ లేదు, కరెంటు పోతే లేపినకాడనే ఆగుతది. మీ బాపుకు ఇది సరిపోతది. ఆ పైసలు టికెట్టుకు పెట్టుకొని ఒక్కసారి వచ్చి పో" అన్నారు. తమ్ముడు కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత సెలవు పెట్టి వచ్చాడు. బాపు మనుషుల్ని గుర్తుపట్టి మాట్లాడుతున్నప్పుడే వచ్చాడు.

ఆక్సిజన్ విషయంలో ఈ దుకాణం చూపిన పట్టుదల ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డాక్టరు చీటీ లేకుండా కాన్సన్‌ట్రేటర్ ఇవ్వరు. ఎన్ని లీటర్లు, రోజుకు ఎన్ని గంటలు అన్నది అందులో ఉండాలి. బాపుకు ఆయాసం మొదలైన రోజుల్లో నేను మిషను కోసం ఫోన్ చేస్తే, వేలికి పెట్టి చూసే పల్స్ ఆక్సీమీటర్‌లో ఎంత వస్తున్నదని అడిగి, 95 అని చెబితే, ముందు డాక్టరుకు ఫోన్ చేయమని పంపారు. డాక్టరు చెప్పింది ఇది. రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి ఊపిరి ఆడనట్టు ఉంటుంది, అటువంటి ఆయాసానికి ఆక్సిజన్ మిషను పెద్దగా చేసేదేమీ లేదు. తల వైపు ఎత్తి కూర్చోబెట్టి, ముఖానికి గాలి తగిలేటట్టు ఒక చిన్న ఫ్యాను పెట్టడం, మార్ఫిన్ మోతాదును డాక్టరు సరిచేయడం చాలామందికి ఉపశమనం ఇస్తాయి. మూడు వందల రూపాయల టేబుల్ ఫ్యాను చేసిన మేలు చూసి అమ్మ నమ్మలేకపోయింది. మిషనుకు నెలకు 5,500 రూపాయల కిరాయి వచ్చే అవకాశాన్ని వదిలేసి ఫ్యాను సంగతి డాక్టరు చేత చెప్పించిన దుకాణదారు నాకు మరొకరు తెలియదు.

ఆక్సిజన్ 90కి కిందికి పడిపోయాక మిషను నిజంగానే అవసరమైంది. అయిదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ తెచ్చి పెట్టారు. మనం పీల్చే గాలిలో నత్రజని దాదాపు 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం. ఈ మిషనులోని జియోలైట్ గుళికలు నత్రజనిని పట్టి ఉంచి, 90 శాతం పైగా ఆక్సిజన్ ఉన్న గాలిని గొట్టంలోకి పంపుతాయి. సిలిండరులా అయిపోదు, కరెంటు ఉన్నంతసేపు నడుస్తుంది, రోజంతా పెడితే ఎనిమిది యూనిట్ల దాకా కాలుతుంది. కరెంటు పోయినప్పటి కోసం బి టైప్ అనే చిన్న సిలిండరును పక్కన పెట్టించారు. దానిలో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి రెండు లీటర్ల లెక్కన పన్నెండు గంటలు వస్తుంది. ఈ లెక్కను సిలిండరు మెడకు కట్టిన అట్ట మీద తెలుగులో రాసి ఉంచడం మంచి పని, ఎందుకంటే రాత్రి కరెంటు పోయినప్పుడు ఇంట్లోవాళ్లకు లెక్కలు తోచవు. ముక్కు గొట్టం, నీళ్ల సీసా కొత్తవి ఇచ్చి వేరుగా బిల్లు వేస్తారు. సీసాలో నల్లా నీళ్లు పోయకూడదు, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోసి రోజూ మార్చాలి. మిషనును గోడకు ఆనించకూడదు, వెనుక జాలీని వారానికొకసారి కడిగి ఆరబెట్టాలి. మిషను మీద పెద్ద అక్షరాల కాగితం అంటించి ఉంది: బీడీ, సిగరెట్టు, అగరుబత్తి, దీపం ఈ గదిలో వద్దు. ఆక్సిజన్ దానంతట అది మండదు కాని, నిప్పు ఉన్నచోట మంటను భగ్గుమనిపిస్తుంది. ఆ కాగితం చదివిన తర్వాతే మా మేనత్త దేవుడి దీపాన్ని వంటింట్లోకి మార్చింది, బాపును చూడటానికి వచ్చే మిత్రులు బీడీ కట్టలను గడప అవతల పెట్టి రావడం మొదలుపెట్టారు.

దుకాణం చేయలేనివి కూడా ఉన్నాయి. నొప్పి మందులు వాళ్ల పరిధి కాదు. మార్ఫిన్ మాత్రలు ఏ మందుల షాపులోనైనా దొరికేవి కావు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వాటిని ఉంచుకొని రోగులకు ఇచ్చే పద్ధతి తెచ్చారు. కాబట్టి మాత్రలు సగానికి రాకముందే రాసిచ్చిన ఆసుపత్రికి వెళ్లి తెచ్చుకోవాలి. నోటితో వేసే మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకసారి పడాలి, నొప్పి వచ్చాక వేద్దామని ఆగకూడదు, దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు తప్పనిసరి. ఇవి డాక్టరు చెప్పవలసిన విషయాలు. అయినా దుకాణంలో మంచం చీటీ రాసేటప్పుడు, "నొప్పి మాత్రలు ఇచ్చిన్రా? ఎన్ని ఉన్నయి?" అని అడిగి, ఆదివారం, పండుగ సెలవులు చూసుకొమ్మని గుర్తుచేశారు. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి ఏ మంచమైనా ఒక్కటే.

లోపాలు రాయకపోతే ఇది సమీక్ష కాదు. మొదట ఇచ్చిన ఎయిర్ బెడ్డులో ఒక వరుస గాలి నిలవలేదు. రాత్రి గమనించి ఫోన్ చేస్తే ఎత్తలేదు, తొమ్మిది దాటితే అక్కడ ఎవరూ ఫోన్ ఎత్తరు. మరునాడు పొద్దున మార్చారు, పైసలు అడగలేదు, కాని ఆ రాత్రంతా నేనూ అమ్మా వంతులవారీగా బాపును పక్కలు మారుస్తూ కూర్చోవలసి వచ్చింది. రోగి సామాను కిరాయికి ఇచ్చేవాళ్లకు రాత్రి ఫోన్ ఎత్తే మనిషి ఒకరు ఉండాలి. మంచానికి ఇంకొక నెల మొదలై నాలుగు రోజులే అయితే రోజుల లెక్కన తీసుకుంటారు, బాగుంది. కాని కాన్సన్‌ట్రేటర్‌కు అట్లా కాదు, పెట్టిన తెల్లవారే వాపసు ఇచ్చినా పూర్తి నెల కట్టవలసిందే. మాకు అది రెండు వారాలు కూడా అవసరం పడలేదు, 5,500 పూర్తిగా పోయాయి. మిషను తిరిగి వచ్చాక విప్పి శుభ్రం చేయాలి, జాలీలు మార్చాలి అన్న ఆయన వాదన సగం న్యాయమే. కాని ఆ మిషను ఎక్కువ ఇండ్లలోకి ఏ దశలో వస్తుందో ఆయనకు తెలియనిది కాదు, పదిహేను రోజుల రేటు ఒకటి పెట్టి ఉండవలసింది. బిల్లు చేతిరాతతో ఇస్తారు, తమ్ముడి కంపెనీకి పంపడానికి అచ్చు బిల్లు కావాలని రెండుమూడుసార్లు అడిగి తీసుకోవలసి వచ్చింది. ఇవన్నీ చూసి అయిదుకు నాలుగు ఇస్తాను.

శుభ్రత గురించి అడిగేవాళ్ల కోసం ఒక మాట. వాపసు వచ్చిన మంచాలను దుకాణం వెనుక పెరట్లో క్లోరిన్ ద్రావణంతో తుడిచి ఎండలో పెడతారు. వెళ్లి చూస్తానంటే అభ్యంతరం చెప్పరు, చూడటమే మంచిది. చనిపోయినవాళ్ల మంచం ఇంట్లోకి తేవద్దని మా పెద్దమ్మ పట్టుబడితే ఏం చెప్పాలో తోచక యజమానినే అడిగాను. ఆయన ఆ మంచం మీదినుంచి లేచి నడిచి వెళ్లినవాళ్ల గురించి చెప్పారు. బొక్క విరిగినవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకున్నవాళ్లు, ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఇవే మంచాలు తీసుకుపోతారు కదా. పెద్దమ్మ ఒప్పుకోలేదు కాని అడ్డు చెప్పడం మానింది.

కిరాయి ఇండ్లలో ఉండేవాళ్ల కష్టం వేరు. ప్రాణం పోయేటట్టు ఉన్న మనిషిని ఇంట్లో ఉంచుకోనివ్వని, శవాన్ని వాకిట్లోకి రానివ్వని ఇంటి యజమానులు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆసుపత్రి మంచం దిగడం చూస్తే చాలు, ఇల్లు ఖాళీ చేయమని కబురు వస్తుంది. అటువంటివాళ్లు అడిగితే మంచాన్ని చీకటి పడ్డాక, పలకలు విప్పి బట్ట కప్పి తెచ్చి ఇస్తారట. అది మెచ్చుకోవలసిన సేవే అయినా, ఒక రోగి మంచం దొంగ సొమ్ములా చీకట్లో రావలసి రావడం మనందరికీ సిగ్గుచేటు.

అట్లాగే ఈ దుకాణంలో శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు కిరాయికి దొరకదు. ఈ వ్యాపారంలో ఎక్కువ రాబడి దానిమీదే ఉంటుందని, పక్క దుకాణాలవాళ్లు మంచాల నడుమనే దాన్ని నిలబెడతారని ఆయనే చెప్పారు. "మంచం కోసం వచ్చినోళ్ల కండ్ల ముందట ఆ డబ్బా ఉండొద్దు" అన్నది ఆయన పట్టింపు. మాకు దాని అవసరం పడినప్పుడు వేరేచోట నంబరు ఇచ్చారు.

మంచం మీద ప్రాణం పోకూడదన్న పట్టింపు మా ఇండ్లలో ఉంది. బాపు శ్వాస మధ్యమధ్య ఆగి మళ్లీ అందుకోవడం మొదలైనప్పుడు పెద్దలు చాప పరిచి, కిందికి దించాలన్నారు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. మంచం బిగించిన రోజు ఆ పిల్లగాడు, ఒళ్లు తుడిచేటప్పుడు పనికొస్తుందని చెప్పి, మనిషిని కిందికి దించే పద్ధతిని మా అందరితో ఒకసారి చేయించాడు. వీపూ మోకాళ్లూ పూర్తిగా దించి, బ్రేకులు వేసి, పక్క కడ్డీ తీసి, కింది దుప్పటి నాలుగు మూలలను నలుగురు చుట్టి పట్టుకొని, ఒకరు తల పట్టి, ఒకేసారి ఎత్తి దించడం. బాపును అట్లాగే దించాం, ఒళ్లు ఎక్కడా కదలలేదు. ఒళ్లు తుడవడానికి ఆ పద్ధతి మాకు అప్పటిదాకా ఒక్కసారి కూడా అవసరం పడలేదు. ఏ పనికి నేర్పుతున్నాడో అతనికి మొదటినుంచీ తెలుసని నేను అనుకుంటున్నాను.

ఆ మధ్యాహ్నమే మంచం ఇంట్లోంచి తీసేయాలని పెద్దలు అన్నారు. ఫోన్ చేస్తే విషయం ఏమిటని అడగలేదు, ఆ పిల్లగాడే వచ్చి వెనుక సందు వైపు నుంచి లోపలికి చేరి, జనం మధ్యలోంచి నడవకుండా పలకలు విప్పి తీసుకుపోయాడు. జంపఖానాను మడిచి అమ్మ చేతికి ఇచ్చాడు. అడ్వాన్సులో కిరాయి మినహాయించి మిగిలినది పదకొండో రోజు గడిచాక ఫోన్‌పేలో వచ్చింది, లెక్క కాగితం ఫొటోతో సహా. ఎక్కడా రూపాయి తేడా లేదు.

కొనాలా, కిరాయికి తీసుకోవాలా అని అడిగేవారికి నా లెక్క ఇది. కొత్త ఫౌలర్ మంచం అక్కడే 14,500 చెప్పారు, అంటే ఆరు నెలల కిరాయి కంటే కాస్త తక్కువ. పక్షవాతం వంటి ఏండ్ల తరబడి సాగే జబ్బులకు కొనడం మేలు. వ్యాధి ముదిరిన క్యాన్సర్‌కు కిరాయే మంచిది, అదీ రోగి ఇంకా తనంతట తాను లేచి కూర్చోగలిగినప్పుడే తెస్తే వీపు ఎత్తుకోవడం, కిటికీ వైపు తిరగడం వంటి సుఖాలు ఆయనకు దక్కుతాయి. చివరి వారంలో తెచ్చే మంచం ఎక్కువగా చూసుకునేవాళ్లకే ఉపయోగం. వెళ్లేటప్పుడు డాక్టరు చీటీ, ఇంట్లో ఒకరి ఆధార్ జిరాక్సు, తలుపు కొలత తీసుకెళ్లాలి. మంగళవారం దుకాణం ఉండదు. వరంగల్, హన్మకొండ, కాజీపేట లోపల తెచ్చి బిగించడానికి 500 తీసుకుంటారు. పరకాల, నర్సంపేట, జనగామ వైపు వాళ్లు బండి తామే మాట్లాడుకోవాలి. విప్పిన మంచం ట్రాలీ ఆటోలో పడుతుంది, కాన్సన్‌ట్రేటర్‌ను మాత్రం పడుకోబెట్టకుండా నిలువుగానే తీసుకుపోవాలి.